ప్రభుత్వ రుణపత్రాలు, చెల్లింపు పత్రాలపై సంతకం: చట్టం ఏం నిర్దేశిస్తున్నది?

రాష్ట్ర ప్రభుత్వాల రుణ సేకరణ నిమిత్తం భారతీయ రిజర్వు బ్యాంకు సాధారణంగా మంగళవారం నాడు సెక్యూరిటీల వేలం నిర్వహిస్తుండటం విదితమే. వేలానికి ముందు రుణం కోరే ప్రతి రాష్ట్రానికి చెందిన ఆర్థిక శాఖ ఒక ప్రకటన వెలువరిస్తుంది. ఎంత మొత్తం, ఎన్నేళ్ల కాలపరిమితి, వడ్డీ ఎప్పుడెప్పుడు చెల్లిస్తారు అనే వివరాలు అందులో ఉంటాయి. పత్రికల వారు సహజంగా మొత్తాన్ని, వడ్డీ రేటును చూసి వార్త రాస్తారు. ప్రకటన చివర ఉండే 'గవర్నరు ఆదేశానుసారం, గవర్నరు పేరిట' అనే వాక్యాన్ని, దాని కింద ఆర్థిక శాఖ కార్యదర్శి సంతకాన్ని పట్టించుకునేవారు తక్కువ. అయితే సదరు ప్రకటనకు చట్టబద్ధతను సమకూర్చేది ఆ వాక్యం, ఆ సంతకమే కావడం గమనార్హం. ప్రభుత్వం పక్షాన ఎవరు సంతకం చేయవచ్చు, ఏ రూపంలో చేయాలి, నియమం తప్పితే నష్టం ఎవరిపై పడుతుంది అనే అంశాలపై రాజ్యాంగంలో, వివిధ చట్టాలలో, ఖజానా నియమావళిలో స్పష్టమైన నిబంధనలు ఉన్నాయి. కాగితం స్థానంలో కంప్యూటరు వచ్చిన తరువాత ఈ నిబంధనల ప్రాధాన్యం తగ్గలేదు. పైగా కొన్ని విషయాలలో అధికారులపై వ్యక్తిగత బాధ్యత మరింత పెరిగింది.

అప్పు చేసే అధికారం

రాజ్యాంగంలోని 292వ అధికరణం కేంద్రానికి, 293వ అధికరణం రాష్ట్రాలకు సంచిత నిధి హామీపై రుణం తీసుకునే అధికారాన్ని కల్పించాయి. రాష్ట్రాలు భారతదేశ భూభాగంలో మాత్రమే రుణం సేకరించగలవు. శాసనసభ చట్టం ద్వారా పరిమితి విధించినట్లయితే ఆ పరిమితికి లోబడవలసి ఉంటుంది. కేంద్రం నుంచి తీసుకున్న రుణంలో ఏ కొంత భాగమైనా బాకీ ఉన్న రాష్ట్రం, 293వ అధికరణం మూడవ క్లాజు ప్రకారం కేంద్రం అనుమతి లేకుండా కొత్త రుణం తీసుకోరాదు. అందువల్లనే రాష్ట్రాల రుణ ప్రకటనలలో కేంద్ర ప్రభుత్వ సమ్మతి పొందినట్లు ప్రత్యేకంగా పేర్కొంటారు. ఈ సమ్మతి లేనిదే కార్యదర్శి సంతకానికి ఆధారం లేదు. వడ్డీ, అసలు చెల్లింపులు 202వ అధికరణం ప్రకారం సంచిత నిధిపై నేరుగా భారం పడే వ్యయం. ఆ పద్దుపై శాసనసభలో చర్చ జరగవచ్చు గాని ఓటింగు ఉండదు. ఇదే రుణదాతకు లభించే అసలైన భరోసా.

ఒప్పందం ఎవరి పేరిట ఉండాలి?

ప్రభుత్వ సంతకానికి సంబంధించి అత్యంత కీలకమైనది 299వ అధికరణం. కార్యనిర్వాహక అధికారాన్ని వినియోగించి కేంద్రం గాని, రాష్ట్రం గాని చేసుకునే ఒప్పందాలన్నీ రాష్ట్రపతి లేదా గవర్నరు చేసినట్లుగా వ్యక్తం కావాలి. వారి పక్షాన వారు అధికారం ఇచ్చిన వ్యక్తులే, వారు నిర్దేశించిన రీతిలోనే వాటిపై సంతకం చేయాలి. అంటే ఇందులో మూడు షరతులు ఇమిడి ఉన్నాయి. ఒకటి తప్పినా మిగతా రెండూ నిలబడవని న్యాయస్థానాలు పలుమార్లు స్పష్టం చేశాయి. ఇదే అధికరణం రెండవ క్లాజు, ఆ విధంగా చేసిన ఒప్పందానికి రాష్ట్రపతి గాని, గవర్నరు గాని, వారి పక్షాన సంతకం చేసిన అధికారి గాని వ్యక్తిగతంగా బాధ్యులు కారని పేర్కొన్నది.

నిబంధన చదవడానికి సాంకేతికంగా కనిపిస్తుంది. ఆచరణలో దాని ప్రభావం ఎంతటిదో తెలుసుకోవడానికి సుప్రీంకోర్టు 1961లో తీర్పు చెప్పిన భిక్‌రాజ్ జైపూరియా కేసు చక్కని ఉదాహరణ. 1943లో ఈస్టిండియన్ రైల్వేకు చెందిన డివిజనల్ సూపరింటెండెంటు ఆహార ధాన్యాల సరఫరాకు ఒక వర్తక సంస్థకు కొనుగోలు ఉత్తర్వులు జారీ చేశారు. కొంత సరుకు అందిన తరువాత మిగిలిన సరుకును స్వీకరించడానికి రైల్వే నిరాకరించింది. వర్తకుడు మిగిలిన సరుకును అమ్ముకొని, వచ్చిన నష్టం కోసం దావా వేశాడు. కొనుగోలు ఉత్తర్వులపై సంతకం నిజమైనదే. సంతకం చేసిన అధికారికి ఆ మేరకు అధికారం ఉన్నట్లు కూడా న్యాయస్థానం గుర్తించింది. అయినా ఆ ఉత్తర్వులు గవర్నరు జనరల్ పేరిట చేసినట్లుగా ఎక్కడా వ్యక్తం కాలేదు. అప్పట్లో అమలులో ఉన్న 1935 నాటి భారత ప్రభుత్వ చట్టం 175వ సెక్షను మూడవ ఉపసెక్షను నేటి 299వ అధికరణం వంటిదే. ఆ సెక్షను ప్రకారం అటువంటి ఒప్పందం అమలుకు యోగ్యం కాదని సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. వర్తకుడికి కోరిన నష్టపరిహారం దక్కలేదు.

ఒక వాక్యం లోపించినందుకు ఇంతటి నష్టమా అనే ప్రశ్న సహజం. ఈ నిబంధన ప్రజాధనాన్ని కాపాడటానికి ఉద్దేశించినదని న్యాయస్థానాల వివరణ. అధికారం లేని ఏ ఉద్యోగో ఒక కాగితంపై సంతకం చేసినంత మాత్రాన సంచిత నిధిపై భారం పడరాదు. అయితే ప్రభుత్వం పని చేయించుకొని, ప్రయోజనం అనుభవించి, సంతకంలో లోపాన్ని చూపి చేతులు దులుపుకోవడాన్ని కూడా న్యాయస్థానం అనుమతించలేదు. పశ్చిమ బెంగాల్ ప్రభుత్వానికి, బి.కె. మండల్ అండ్ సన్స్ అనే కాంట్రాక్టు సంస్థకు మధ్య నడిచిన కేసులో ఆరాంబాగ్ వద్ద పౌర సరఫరాల శాఖ కోసం జరిగిన నిర్మాణాలకు 299వ అధికరణానికి సమానమైన నిబంధన ప్రకారం చెల్లుబాటయ్యే ఒప్పందం లేదు. అయినా భారత కాంట్రాక్టు చట్టం 70వ సెక్షను కింద కాంట్రాక్టరు పరిహారానికి అర్హుడని సుప్రీంకోర్టు నిర్ణయించింది. ఉచితంగా చేయాలనే ఉద్దేశం లేకుండా, చట్టబద్ధంగా చేసిన పనిని ఎదుటివారు స్వీకరించి లబ్ధి పొందినప్పుడు తగిన ప్రతిఫలం ఇవ్వాలన్నది ఆ సెక్షను సారాంశం.

ఈ రెండు తీర్పులను కలిపి చదవవలసి ఉంది. 70వ సెక్షను కింద లభించేది పొందిన ప్రయోజనానికి పరిహారమే గాని, ఒప్పందంలో రాసుకున్న ధర కాదు, రావలసిన లాభం అసలే కాదు. ప్రభుత్వం స్వీకరించని సరుకుకు ఆ సెక్షను వర్తించదు. కనుక మండల స్థాయిలో చిన్న పని చేపట్టే కాంట్రాక్టరు సైతం తన ఒప్పంద పత్రంపై గవర్నరు పేరు ఉన్నదా, సంతకం చేసిన ఇంజనీరుకు ఆ మొత్తం వరకు అధికారం ఉన్నదా అని మొదటి రోజునే చూసుకోవడం అవసరం. బిల్లు ఆగిన తరువాత చూసుకోవడం వల్ల ఉపయోగం స్వల్పం.

ఇక్కడ తరచుగా జరిగే ఒక పొరపాటును ప్రస్తావించవలసి ఉంది. 166వ అధికరణం ప్రకారం గవర్నరు పేరిట వెలువడే ప్రభుత్వ ఉత్తర్వులకు, 299వ అధికరణం ప్రకారం చేసుకునే ఒప్పందాలకు తేడా ఉన్నది. ఉత్తర్వుపై ధృవీకరణ రూపం లోపించినంత మాత్రాన ఉత్తర్వు చెల్లకుండా పోదనీ, ప్రభుత్వమే ఆ నిర్ణయం తీసుకున్నదని ఇతర ఆధారాలతో నిరూపించవచ్చుననీ 1952లోనే సుప్రీంకోర్టు తెలిపింది. ఒప్పందాల విషయంలో ఆ వెసులుబాటు లేదు. జీవో ఉన్నది కాబట్టి ఒప్పందం ఉన్నట్లేనని భావించడం ఈ తేడాను విస్మరించడమే.

అచ్చు వేసిన సంతకం, వెనుక వైపు సంతకం

ప్రభుత్వ రుణపత్రాలకు సంబంధించి 1944 నాటి ప్రభుత్వ రుణ చట్టం స్థానంలో 2006 నాటి గవర్నమెంట్ సెక్యూరిటీల చట్టం 2007 డిసెంబరు 1 నుంచి అమలులోకి వచ్చింది. ప్రభుత్వ ప్రామిసరీ నోటు, బేరర్ బాండు, రిజర్వు బ్యాంకు పుస్తకాలలో నమోదయ్యే స్టాకు మొదలైన రూపాలను ఈ చట్టం గుర్తిస్తుంది. వేల సంఖ్యలో జారీ అయ్యే ప్రామిసరీ నోట్లపై అధికారి ఒక్కొక్కటిగా చేతితో సంతకం చేయడం సాధ్యం కాదు. కనుక అధీకృత అధికారి సంతకాన్ని ముద్రణ ద్వారా గాని, ఇతర యాంత్రిక పద్ధతిలో గాని అచ్చు వేయవచ్చునని, అది స్వహస్తంతో చేసిన సంతకంతో సమానమని చట్టమే పేర్కొన్నది. జేబులోని కరెన్సీ నోటుపై కనిపించే సంతకం కూడా ముద్రితమైనదే. రిజర్వు బ్యాంకు నోట్లపై బ్యాంకు గవర్నరు సంతకం ఉంటే, రూపాయి నోటుపై మాత్రం కేంద్ర ఆర్థిక శాఖ కార్యదర్శి సంతకం ఉంటుంది. రూపాయి నోటును జారీ చేసేది కేంద్ర ప్రభుత్వమే కావడం అందుకు కారణం.

జారీ చేసేవారికి ఇచ్చిన ఈ సౌలభ్యం బదిలీ చేసేవారికి లేదు. ప్రామిసరీ నోటు రూపంలోని సెక్యూరిటీని మరొకరికి బదిలీ చేయాలంటే, హక్కుదారు లేదా అతని అధీకృత ప్రతినిధి ఆ పత్రం వెనుక వైపునే స్వయంగా సంతకం చేయాలి. విడి కాగితంపై రాసిచ్చిన ఎండార్స్‌మెంటు చెల్లదు. అదే సమయంలో సాధారణ ప్రామిసరీ నోటుకు భిన్నంగా, వెనుక సంతకం చేసినంత మాత్రాన ఆ వ్యక్తి అసలు, వడ్డీల చెల్లింపునకు బాధ్యుడు కాడు. బాధ్యత ప్రభుత్వానిదే.

అధికారులకు అక్కరకు వచ్చే మరొక నిబంధన ఉన్నది. కొన్ని సెక్యూరిటీలు వ్యక్తి పేరిట గాక పదవి పేరిట ఉంటాయి. అటువంటి సందర్భంలో ఒక అధికారి బదిలీ అయి, వేరొకరు బాధ్యతలు స్వీకరించిన తేదీ నుంచి ఎటువంటి ఎండార్స్‌మెంటు లేకుండానే హక్కు కొత్తవారికి సంక్రమిస్తుంది. పదవీ వారసుడు కాని మూడవ వ్యక్తికి బదిలీ చేయదలచినప్పుడు మాత్రం అధికారి తన సంతకంతో పాటు పదవి పేరును కూడా రాయాలి.

కాగితపు పత్రాలపై, చేతి సంతకాలపై ఆధారపడిన వ్యవస్థలోని బలహీనత 1992 నాటి సెక్యూరిటీల కుంభకోణంలో బయటపడింది. సెక్యూరిటీ చేతిలో లేకుండానే బ్యాంకు రసీదులపై సంతకాలు చేసి కోట్ల రూపాయలు చేతులు మార్చారు. ఆ అనుభవంతో 1995లో సెక్యూరిటీ బదిలీ, సొమ్ము చెల్లింపు ఏకకాలంలో జరిగే విధానాన్ని రిజర్వు బ్యాంకు ప్రవేశపెట్టింది. క్రమంగా క్రయవిక్రయాలు ఎలక్ట్రానిక్ పద్ధతికి మారాయి. 2021 నవంబరు 12న ప్రారంభమైన రిటైల్ డైరెక్ట్ పథకం ద్వారా సామాన్య పౌరులు సైతం రిజర్వు బ్యాంకు వద్ద నేరుగా ఖాతా తెరిచి, రాష్ట్రాల సెక్యూరిటీలను కాగితం లేకుండానే కొనుగోలు చేయగలుగుతున్నారు.

రాష్ట్రం విడిపోతే పాత సంతకం ఏమవుతుంది అనే సందేహం తెలుగువారికి ప్రత్యక్షంగా ఎదురైంది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ గవర్నరు పేరిట జారీ అయిన రుణాలు 2014 జూన్ 2 తరువాత కూడా చెల్లుబాటులోనే ఉన్నాయి. ఆంధ్రప్రదేశ్ పునర్వ్యవస్థీకరణ చట్టం 54వ సెక్షను ప్రకారం, వేరే పద్ధతి నిర్దేశించని సందర్భాలలో రుణభారం జనాభా ప్రాతిపదికన, అంటే ఆంధ్రప్రదేశ్‌కు 58.32 శాతం, తెలంగాణకు 41.68 శాతం చొప్పున పంపిణీ అవుతుంది. సంతకం చేసిన అధికారి ఇప్పుడు ఏ రాష్ట్ర కేడరులో ఉన్నారన్నది రుణదాతకు సంబంధం లేని విషయం.

ఖజానా గడప వద్ద

రుణంగా వచ్చినా, పన్నుగా వచ్చినా సంచిత నిధిలో చేరిన సొమ్ము బయటకు రావాలంటే శాసనసభ ఆమోదంతో పాటు 283వ అధికరణం కింద రూపొందిన ఖజానా నిబంధనలను పాటించవలసి ఉంటుంది. ఈ నిబంధనలలో అనేకం బ్రిటిష్ పాలన నాటి నుంచి వస్తున్నవే. వాటి భాష పాతదైనా అంతరార్థం నేటికీ చెల్లుతుంది.

బిల్లు తయారు చేసే డ్రాయింగ్ అండ్ డిస్బర్సింగ్ అధికారి నమూనా సంతకం ఖజానాలో ముందుగానే నమోదై ఉండాలి. కొత్త అధికారి బాధ్యతలు స్వీకరించినప్పుడు, ఖజానాకు సంతకం పరిచయమున్న మరొక అధికారి ధృవీకరించి నమూనాను పంపాలి. కార్యాలయాధిపతి లేనప్పుడు ఉత్తరాలపై 'తరఫున' అని సంతకం చేసే అలవాటు గుమాస్తాకు ఉన్నప్పటికీ, అతను సంతకం చేసిన వోచరుపై చెల్లింపు జరపరాదు. రబ్బరు ముద్రతో వేసిన సంతకానికి చెల్లింపు అసలే లేదు. రుణపత్రంపై అచ్చు సంతకాన్ని అంగీకరించిన చట్ట వ్యవస్థే చెల్లింపు ఉత్తర్వుపై దానిని నిరాకరించడంలో వైరుధ్యమేమీ లేదు. మొదటిదాని విషయంలో జారీ నిర్ణయం ముందే రాజపత్రంలో ప్రకటితమై ఉంటుంది. రెండవదాని విషయంలో సంతకం చేసే క్షణమే నిర్ణయం జరిగే క్షణం.

సొమ్ము అందుకునేవారు నిరక్షరాస్యులైనప్పుడు వేలిముద్ర తీసుకోవచ్చు గాని, తెలిసిన వ్యక్తి దానిని ధృవీకరించాలి. కొట్టివేతలు, దిద్దుబాట్లు ఉన్నచోట తేదీతో కూడిన పూర్తి సంతకం అవసరం. పొట్టి సంతకం చాలదు. మొత్తాన్ని అంకెలలో, అక్షరాలలో రాయడంతో పాటు, చెల్లించవలసిన దానికన్నా కొంచెం ఎక్కువ మొత్తాన్ని పేర్కొంటూ 'ఇన్ని రూపాయలకు లోబడి' అని బిల్లుపై అడ్డంగా రాసే ఆనవాయితీ ఖజానా కార్యాలయాలలో పనిచేసిన వారందరికీ తెలిసినదే. అంకె పక్కన ఒక సున్నా చేర్చితే పట్టుబడేందుకు కనిపెట్టిన ఉపాయం అది. ఐదు వేల రూపాయలకు మించిన సొమ్ముకు రసీదు ఇచ్చేటప్పుడు రూపాయి రెవెన్యూ స్టాంపుపై సంతకం చేయడం కూడా ఇటువంటిదే.

చెక్కుపై సంతకం ఫోర్జరీ అయినప్పుడు నష్టం ఎవరిదన్న అంశంపై సుప్రీంకోర్టు 1987లో కెనరా బ్యాంకు, కెనరా సేల్స్ కార్పొరేషన్ల మధ్య వ్యాజ్యంలో తీర్పు చెప్పింది. ఫోర్జరీ సంతకం ఉన్న చెక్కు బ్యాంకుకు ఆదేశమే కాదు. దానిపై చెల్లించిన సొమ్మును ఖాతాదారు ఖాతాలో ఖర్చు రాసే హక్కు బ్యాంకుకు లేదు. ఖాతాదారు పాస్‌బుక్కును సకాలంలో పరిశీలించలేదన్న సాకు మాత్రమే బ్యాంకును కాపాడదు. అయితే దీనిని చూసి ప్రభుత్వ కార్యాలయాలు నెలవారీ ఖాతాల సరిచూపును వాయిదా వేయడం తగదు. మోసం ఎంత ఆలస్యంగా తెలిస్తే సొమ్ము రాబట్టడం అంత కష్టం. పైగా అధికారి నిర్లక్ష్యం వల్ల ప్రభుత్వానికి కలిగిన నష్టాన్ని ఆ అధికారి నుంచి వసూలు చేసేందుకు ఆర్థిక నియమావళిలో వీలున్నది.

తాళం చెవి ఎవరి చేతిలో ఉన్నది?

నేడు అధిక శాతం ప్రభుత్వ చెల్లింపులు చెక్కు రూపంలో జరగడం లేదు. కేంద్ర స్థాయిలో పి.ఎఫ్.ఎం.ఎస్., ఆంధ్రప్రదేశ్‌లో 2018 నుంచి సమగ్ర ఆర్థిక నిర్వహణ వ్యవస్థ, తెలంగాణలో ఐ.ఎఫ్.ఎం.ఐ.ఎస్. ద్వారా బిల్లులు సాగుతున్నాయి. 2000 నాటి సమాచార సాంకేతిక చట్టం 5వ సెక్షను ఎలక్ట్రానిక్ సంతకానికి చేతి సంతకంతో సమానమైన గుర్తింపునిచ్చింది. 6వ సెక్షను ప్రభుత్వానికి సొమ్ము చెల్లించడానికి, స్వీకరించడానికి కూడా దానిని వర్తింపజేసింది. అయితే అన్ని పత్రాలకూ ఈ వెసులుబాటు లేదు. చెక్కు మినహా ఇతర నెగోషియబుల్ పత్రాలను చట్టం మొదటి షెడ్యూలు మినహాయించింది. 2022లో జారీ అయిన నోటిఫికేషను, రిజర్వు బ్యాంకు వంటి నియంత్రణ సంస్థల పరిధిలోని సంస్థలకు అనుకూలంగా రాసే డిమాండు ప్రామిసరీ నోట్లకు, బిల్ ఆఫ్ ఎక్స్ఛేంజ్‌లకు ఈ మినహాయింపును సడలించింది. వీలునామా నేటికీ కాగితంపైనే ఉండాలి.

అసలు సమస్య వేరే చోట ఉన్నది. డిజిటల్ సంతకం ఒక చిన్న యు.ఎస్.బి. టోకెను, దాని రహస్య సంఖ్య రూపంలో ఉంటుంది. పని ఒత్తిడిలోనో, సమావేశాలకు వెళ్లేటప్పుడో అధికారులు టోకెనును సహాయకుల వద్ద వదిలి వెళ్లడం, రహస్య సంఖ్యను సొరుగులో చీటీపై రాసి ఉంచడం అనేక కార్యాలయాలలో కానవస్తున్నది. వెనుకటి రోజులలో ఖాళీ చెక్కులపై సంతకం చేసి గుమాస్తాకు ఇచ్చి వెళ్లడానికి ఇది ఏమాత్రం భిన్నం కాదు. చెక్కు పుస్తకంలో ఆకుల సంఖ్యకైనా పరిమితి ఉండేది. టోకెనుకు అదీ లేదు.

ఈ విషయంలో చట్టం నిర్దిష్టంగా ఉన్నది. సమాచార సాంకేతిక చట్టం 42వ సెక్షను ప్రకారం డిజిటల్ సంతకం పొందిన వ్యక్తి తన ప్రైవేటు కీని తన అదుపులోనే ఉంచుకునేందుకు తగిన జాగ్రత్త వహించాలి. అది పరుల చేతిలో పడినట్లు తెలిసిన వెంటనే ధృవీకరణ సంస్థకు తెలియజేయాలి. తెలియజేసే వరకు ఆ వ్యక్తే బాధ్యుడని సెక్షనుకు జోడించిన వివరణ తేల్చి చెబుతున్నది. ఫోర్జరీ సంతకం తనది కాదని చేతిరాత నిపుణుల సాయంతో నిరూపించుకునే అవకాశం కాగితపు కాలంలో అధికారికి ఉండేది. తన టోకెనుతో, తన రహస్య సంఖ్యతో పడిన సంతకం తనది కాదని చెప్పుకోవడం అంత సులభం కాదు. ఇతరుల ఎలక్ట్రానిక్ సంతకాన్ని మోసపూరితంగా వాడినవారికి 66-సి సెక్షను కింద మూడేళ్ల వరకు జైలు, లక్ష రూపాయల వరకు జరిమానా విధించవచ్చు. ప్రభుత్వోద్యోగి తన అధీనంలోని సొమ్మును దుర్వినియోగం చేస్తే 2024 జూలై 1 నుంచి అమలులో ఉన్న భారతీయ న్యాయ సంహిత 316వ సెక్షను ఐదవ ఉపసెక్షను వర్తిస్తుంది. అంతకు ముందు ఇది భారత శిక్షాస్మృతిలో 409వ సెక్షనుగా ఉండేది.

బాధ్యతలు మారే రోజున చేయవలసిన పనిని కూడా ఈ సందర్భంగా గుర్తించవలసి ఉంది. వెనుకటి పద్ధతిలో నమూనా సంతకం ఖజానాకు చేరితే సరిపోయేది. ప్రస్తుతం బదిలీ అయిన అధికారి డిజిటల్ సంతకాన్ని ఆ కార్యాలయపు కోడు నుంచి తొలగింపజేయడం, కొత్త అధికారి సంతకాన్ని నమోదు చేయించడం ఒకే రోజున జరగాలి. పదవీ విరమణ చేసిన అధికారి పేరిట టోకెను వ్యవస్థలో ఒక్కరోజు మిగిలి ఉన్నా, ఆ రోజు వెళ్లే బిల్లులకు ఆయన పేరే నమోదవుతుంది. బాధ్యతల అప్పగింత పత్రంలో నగదు పెట్టె తాళాలు, చెక్కు పుస్తకాల వరుస సంఖ్యలతో పాటు టోకెను సంఖ్య, దానిని వ్యవస్థ నుంచి తొలగించిన సమయం కూడా రాసి ఇద్దరు అధికారులూ సంతకం చేయడం ఇందుకు తగిన పద్ధతి.